పాత కెమెరా లెన్స్ చేతికొస్తే: అదేంటో, ఎంత పలుకుతుందో తేల్చుకోవడం ఎలా

అటక మీది ట్రంకు పెట్టెలోనో, మూతపడ్డ ఫోటో స్టూడియో బీరువాలోనో పాత కెమెరా ఒకటి బయటపడితే ఇంట్లో మొదట వినపడే మాట, ‘ఇలాంటివి ఇప్పుడు లక్షల్లో పోతున్నాయట’. వెంటనే ఎవరో ఫోన్ తీసి, ఎక్కడో ఎవరో అడుగుతున్న ధర చూపిస్తారు. దాన్ని నమ్మి రేటు కట్టకండి. పాత లెన్సుల్లో ఎక్కువ భాగం ఫ్యాక్టరీల నుంచి లక్షల సంఖ్యలో వచ్చిన మామూలు సరుకు. నిజంగా విలువైనవీ ఉన్నాయి. కానీ వాటిని పట్టిచ్చేది పేరు కాదు. అది ఏ వెర్షన్, గాజు ఎలా ఉంది, ఇవాళ్టి కెమెరాకు ఎక్కుతుందా లేదా అన్న మూడు సంగతులే ధరను తేలుస్తాయి. ఆ వరుసలోనే చూద్దాం.

తుడిచే పని పెట్టుకోకండి

చేతికి రాగానే లుంగీ అంచుతోనో, కళ్లజోడు గుడ్డతోనో రుద్దేయడం మనకు అలవాటు. పాత లెన్స్ గాజు మీది పలుచని పూత, అంటే కోటింగ్, మెత్తగా ఉంటుంది. దాని మీద ఉన్న ఇసుక రేణువును గుడ్డతో నెట్టారంటే గీత పడుతుంది. రబ్బరు బ్లోయర్‌తో గాలి కొట్టి దుమ్ము లేపండి, అంతవరకు చాలు. మిగతా పనికి ఫోన్ టార్చ్, మిల్లీమీటర్ల స్కేలు, మంచి వెలుతురు ఉంటే సరిపోతుంది.

ఇత్తడి లెన్స్ దొరికినవాళ్లకు ఈ మాట రెండుసార్లు చెప్పాలి. పెద్ద చెక్క కెమెరాలతో ఫోటోలు తీసిన పాత స్టూడియోల్లో డాల్‌మేయర్, రాస్, టేలర్-హాబ్సన్ లాంటి ఇంగ్లండ్ కంపెనీల ఇత్తడి లెన్సులు ఉండేవి. కంపెనీ పేరు, నంబర్ గొట్టం మీదే చెక్కి ఉంటాయి. కొన్నింటికి గొట్టం మధ్యలో సన్నటి గాడి కనిపిస్తుంది. రంధ్రాలున్న రేకు ముక్కలను ఆ గాడిలోంచి దింపి ఎపర్చర్‌ను, అంటే కాంతి లోపలికి వెళ్లే రంధ్రం సైజును మార్చేవారు. వాటిని వాటర్‌హౌస్ స్టాపులంటారు. ఆ రేకులు పెట్టె అడుగున పడి ఉంటాయేమో వెతకండి, పారేయకండి. ఇక ఆ ఇత్తడిని పూజ సామాన్లలా చింతపండుతో తోమి తళతళలాడిస్తే మాత్రం కొనేవాడి ఆసక్తి అక్కడే సగం పోతుంది. వాళ్లకు కావాల్సింది ఆ పాత లక్క పూత, ఆ మాసిన రంగు.

ముందు రింగు చదవండి

గాజు చుట్టూ ఉండే రింగు మీద దాదాపు అంతా రాసి ఉంటుంది. ఫోటో తీసి పెద్దది చేసి చూడండి. పేరు, ఫోకల్ లెంగ్త్ (దృశ్యాన్ని ఎంత దగ్గరగా, ఎంత వెడల్పుగా చూపిస్తుందో చెప్పే కొలత), అతి పెద్ద ఎపర్చర్, సీరియల్ నంబర్, ఒక్కోసారి తయారైన దేశం ఉంటాయి. దేశాన్ని బట్టి రాసే పద్ధతి మారుతుంది. జపాన్ లెన్స్ మీద 1:1.4/50 అని ఉంటే, తూర్పు జర్మనీ లేదా సోవియట్ లెన్స్ మీద 2/58 అని ఉంటుంది. రెండింట్లోనూ పెద్ద అంకె మిల్లీమీటర్లు, చిన్న అంకె ఎపర్చర్. దీన్నే ఎఫ్2, ఎఫ్8 అని ఎఫ్ నంబర్‌గా చెబుతారు, అంకె చిన్నదయ్యేకొద్దీ రంధ్రం పెద్దది. 5 సెంటీమీటర్లు అని సెంటీమీటర్లలో రాసి ఉంటే అది చాలావరకు 1960ల మధ్యకు ముందుదని లెక్క. రెండో ప్రపంచ యుద్ధానికి ముందటి జర్మన్ లెన్సులు, నికాన్ తొలినాటి లెన్సులు అలాగే ఉంటాయి.

Ø గుర్తు పక్కన ఉన్న 49, 52 లాంటి అంకెను ఫోకల్ లెంగ్త్ అనుకోకండి. అది ముందు బిగించే ఫిల్టర్ సైజు.

కోటింగ్ కూడా కాలాన్ని చెబుతుంది. ట్యూబ్‌లైట్ కింద లెన్స్‌ను వంచి, లోపల కనపడే ప్రతిబింబాల రంగు చూడండి. అన్నీ తెల్లగా ఉంటే కోటింగ్ లేని లెన్స్. నీలం, ఊదా, పసుపు లాంటి ఒకటి రెండు రంగులే ఉంటే ఒకే పొర కోటింగ్. ఆకుపచ్చ, ఎరుపు కలిసి రకరకాల రంగులు కనపడితే మల్టీకోటింగ్, అంటే దాదాపుగా 1970ల తర్వాతిది. పెంటాక్స్ తన ఎస్‌ఎంసీ కోటింగ్‌ను 1971లో తెచ్చింది, జర్మన్ కంపెనీ జైస్ టీ-స్టార్ కోటింగ్ ఆ మరుసటి ఏడాది వచ్చింది. పాత జైస్ లెన్స్ మీద ఎర్ర రంగు ‘టీ’ అక్షరం ఒక్కటే ఉంటే అది కోటింగ్ వేసినదని అర్థం.

ఒక లెన్స్‌ను పూర్తిగా చదువుదాం: హీలియోస్-44

సోవియట్ కాలపు జెనిట్ కెమెరాలు మన దేశానికీ వచ్చాయి. కాబట్టి ఇది మీ చేతికి చిక్కే అవకాశం నిజంగానే ఉంది. పైగా వెర్షన్ అంటే ఏమిటో నేర్పడానికి దీన్ని మించిన లెన్స్ లేదు.

దీని మూలం జర్మనీది. జైస్ 1930ల్లో బయోటార్ 58 మిల్లీమీటర్ల ఎఫ్2 చేసింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జైస్ యంత్రాలు, డిజైన్లు నష్టపరిహారం కింద సోవియట్ యూనియన్‌కు వెళ్లాయి. అదే బయోటార్ డిజైన్ మీద మాస్కో దగ్గరి క్రాస్నోగోర్స్క్ ఫ్యాక్టరీ 1950ల చివర్లో హీలియోస్-44 మొదలుపెట్టింది. తర్వాత మిన్స్క్, వల్దాయ్ ఫ్యాక్టరీల్లోనూ చేశారు. క్రాస్నోగోర్స్క్ గుర్తు ట్రెపీజియం ఆకారపు పట్టకం, దాన్ని చీల్చుకుంటూ పోయే కాంతి కిరణం. ఈ గుర్తు రింగు మీద సీరియల్ నంబర్ దగ్గర కనిపిస్తుంది.

సోవియట్ లెన్సుల్లో చాలావాటికి సీరియల్ నంబర్ మొదటి రెండు అంకెలే తయారైన సంవత్సరం. 77తో మొదలైతే 1977. అన్నింటికీ ఇదే వర్తించదు కానీ, హీలియోస్-44-2 విషయంలో ఎక్కువగా పనికొస్తుంది.

ఇక వెర్షన్లు. వెండి రంగులో ఉండి, ఎపర్చర్ బ్లేడ్లు (ఆ రంధ్రాన్ని మూసే పలుచని రేకులు) 13 ఉన్నది తొలినాటిది. మనకు ఎక్కువగా దొరికేది నల్లటి 44-2. దీనికి 8 బ్లేడ్లు, 49 మిల్లీమీటర్ల ఫిల్టర్, ఎం42 మర మౌంట్ (కెమెరాకు తిప్పి బిగించే వెనక భాగం). తర్వాతి 44ఎం రకాల్లో బ్లేడ్లను కెమెరానే మూస్తుంది. 44ఎం-4 నుంచి 44ఎం-7 దాకా చివరి అంకె పెరిగేకొద్దీ ఫ్యాక్టరీ పరీక్షలో స్పష్టత ఎక్కువ చూపించినవని గ్రేడు. వాటికి బ్లేడ్లు 6. తొలినాటి వెండి రకానికి పాత లెన్సులు సేకరించేవాళ్ల దగ్గర గిరాకీ ఎక్కువ. 44-2 మాత్రం ఫోటోలో వెనక నేపథ్యాన్ని సుడి తిప్పినట్టు చూపిస్తుందని కుర్రాళ్లు వెతుక్కుని కొంటారు. కానీ ఒక్క జెనిట్-ఈ కెమెరాలే 30 లక్షలకు పైగా తయారయ్యాయి, వాటితోపాటు వచ్చిన మామూలు లెన్సుల్లో ఇదొకటి. అడిగేవాళ్లు ఎంతమంది ఉన్నా, సరుకు అంతకంటే ఎక్కువ. దాన్ని ‘అరుదైన రష్యన్ లెన్స్’ అని అమ్మేవాణ్ని చూస్తే నవ్వొస్తుంది.

44-2 చూసి చాలామంది పాడైందని అనుకునే విషయం ఒకటుంది. దీనికి ఎపర్చర్ రింగులు రెండు. ఒకదానితో ఎఫ్ నంబర్ ఎంచుకోవాలి, రెండోదాన్ని తిప్పితే బ్లేడ్లు ఆ నంబర్ దాకా మూసుకుని మళ్లీ తెరుచుకుంటాయి. దీన్ని ప్రీసెట్ అంటారు. మొదటి రింగు తిప్పినా బ్లేడ్లు కదలడం లేదని తక్కువకు వదిలేసేవాళ్లు ఉన్నారు. కొనే పక్షంలో మీరుంటే అది మీ అదృష్టం.

పేరు చూసి మోసపోకండి

కార్ల్ జైస్ అని ఉంటే సరిపోదు, తర్వాతి మాట చూడండి. యుద్ధం తర్వాత కంపెనీ రెండు ముక్కలైంది. పశ్చిమాన ఓబర్‌కోకెన్‌లో ఒకటి, తూర్పున యేనాలో ఒకటి. పేరు హక్కుల గొడవ వల్ల తూర్పు లెన్సులను కొన్ని దేశాలకు ‘ఆస్ యేనా’ అని పంపేవారు. టెస్సార్ రకం లెన్స్‌కు ‘టీ’, బయోటార్‌కు ‘బీ’ అని ఒంటి అక్షరాలే వేసేవారు. అలాంటిది దొరికితే నకిలీ కాదు, జైసే. యేనా టెస్సార్ 50 ఎఫ్2.8 చక్కగా పనిచేస్తుంది, కానీ బోలెడన్ని ఉన్నాయి కాబట్టి ధర పెద్దగా ఉండదు.

నిజమైన నకిలీలు జర్మన్ కంపెనీ లైట్జ్ చేసిన లైకా కెమెరాల దగ్గర ఉన్నాయి. సోవియట్ ఫెడ్, జోర్కీ కెమెరాల మీద ‘లైకా’ అని, వాటి 50 మిల్లీమీటర్ల లెన్సుల మీద ‘లైట్జ్ ఎల్మార్’ అని చెక్కి, కొన్నింటికి జర్మన్ సైన్యపు గుర్తులు కూడా తగిలించి అమ్మారు, అమ్ముతున్నారు. బంగారు రంగు పూసి, పాము చర్మం లాంటి తోలు అంటించి, గద్ద గుర్తు వేసిన ‘యుద్ధకాలపు లైకా’ సంతలో కనపడితే చూసి ఆనందించండి, అంతే.

వివిటార్ సొంత ఫ్యాక్టరీ లేని అమెరికన్ కంపెనీ. లెన్సులు జపాన్‌లో ఇతరుల చేత చేయించేది. ఎవరు చేశారో సీరియల్ నంబర్ మొదటి రెండు అంకెలు చెబుతాయి: 22 అయితే కినో ప్రెసిషన్, 28 అయితే కొమినే, 37 అయితే టొకినా. తర్వాతి అంకె సంవత్సరం చివరి అంకె, ఆ తర్వాతి రెండూ వారం. సిరీస్ 1 అని రాసి ఉన్న కొన్ని రకాలకు గిరాకీ ఉంది. మిగతా 70-210 జూమ్‌లు, 28-70లు, ఇంకా ఊరూపేరూ లేని కంపెనీల ‘ఆటో’ లెన్సులు మాత్రం పేరు గొప్ప, ఊరు దిబ్బ.

నికాన్‌లో పాత లెన్సుల పేరు పక్క అక్షరం గాజు పలకల సంఖ్య. నిక్కోర్-హెచ్ అంటే 6, నిక్కోర్-ఎస్ అంటే 7, నిక్కోర్-పీ అంటే 5, నిక్కోర్-క్యూ అంటే 4. పక్కన ‘సీ’ కూడా ఉంటే మల్టీకోటింగ్. ఎపర్చర్ రింగు మీద ఎఫ్ నంబర్లు పెద్దవి ఒక వరుస, చిన్నవి ఇంకో వరుస ఉంటే అది 1977లో వచ్చిన ఏఐ, అంటే ఆటోమేటిక్ ఇండెక్సింగ్ పద్ధతిది, లేదా తర్వాత ఆ పద్ధతికి మార్చినది. ఒకే వరుస ఉన్న పాతదాన్ని తర్వాతి కాలపు నికాన్ బాడీలకు బలవంతంగా ఎక్కిస్తే కెమెరా వైపు చిన్న భాగాలు విరిగే ప్రమాదం ఉంది.

వెర్షన్ తేడా ధరను ఎలా మారుస్తుందో చూపించేది పెంటాక్స్ సూపర్-టకుమార్ 50 ఎఫ్1.4. తొలి రకంలో 8 గాజు పలకలు, తర్వాతిదాంట్లో 7. ముందు రింగు మీద రాత రెండింటికీ ఒకటే. తేడా ఎక్కడంటే, ఫోకస్ స్కేలు కింద ఇన్‌ఫ్రారెడ్ కోసం వేసిన చిన్న ఎర్ర గుర్తు దగ్గర. అది 4 అనే అంకెకు కుడివైపు ఉంటే 8 పలకలది, ఎడమవైపు ఉంటే 7 పలకలది. సేకరించేవాళ్లు వెతికేది మొదటిదాన్ని. రెండోదాంట్లో థోరియం అనే రేడియోధార్మిక లోహం కలిపిన గాజు ఉంది, దాని వల్ల ఏళ్లు గడిచేకొద్దీ గాజు టీ డికాక్షన్ రంగుకు తిరుగుతుంది. దీన్ని కెమెరాకు బిగించి ఫోటోలు తీసుకుంటే కంగారు లేదు కానీ, ఆ గాజును అరగదీయడం, పగలగొట్టడం చేయకూడదు. పసుపు రంగు అల్ట్రావయొలెట్ వెలుగులో కొన్ని రోజులుంచితే చాలావరకు పోతుంది. దానికోసం మన ఎండలో కిటికీ మీద పెట్టి మర్చిపోకండి. భూతద్దంలా పనిచేసి కర్టెన్ అంటుకుంటుంది.

వెనక్కి తిప్పి మౌంట్ చూడండి

కెమెరాకు తగిలించే వెనక భాగమే మౌంట్. మరలు ఉన్నాయా, రెక్కల్లాంటి పలకలున్నాయా చూడండి. మరలైతే అడ్డంగా స్కేలు పెట్టి కొలవండి. 42 మిల్లీమీటర్లుంటే ఎం42. పెంటాక్స్ టకుమార్, ప్రాక్టికా, జెనిట్, ఇలా పదుల కంపెనీలు వాడింది ఇదే. 39 ఉంటే జాగ్రత్త, అందులో రెండు రకాలున్నాయి. లైకా తరహాది ఫిల్ముకు 28.8 మిల్లీమీటర్ల దూరంలో కూర్చునేలా చేసింది, తొలి జెనిట్‌లది 45.2 మిల్లీమీటర్ల దూరంలో. మర దాదాపు ఒకేలా కనిపించినా ఒకదాని అడాప్టర్ (లెన్స్‌ను వేరే కెమెరాకు తగిలించే మధ్య రింగు) మీద రెండోది సరిగా ఫోకస్ కాదు.

ఆ దూరమే అసలు విషయం. నికాన్ ఎఫ్ మౌంట్ దూరం 46.5, ఎం42ది 45.46. అంటే నికాన్ మీద ఎం42 లెన్స్ ఉండాల్సిన దానికంటే దూరంగా కూర్చుంటుంది. అందుకే ఎం42 లెన్స్‌ను మామూలు అడాప్టర్‌తో లోపల అద్దం ఉండే నికాన్ డీఎస్‌ఎల్‌ఆర్‌కు వేస్తే దూరపు కొండ ఎప్పటికీ ఫోకస్‌లోకి రాదు. కెనాన్ ఈఎఫ్‌ది 44 కాబట్టి అక్కడ ఇబ్బంది లేదు. కెనాన్‌వే పాత ఎఫ్‌డీ లెన్సుల దూరం 42, అందుకని అవి సొంత కంపెనీ డీఎస్‌ఎల్‌ఆర్‌ల మీదే పనికిరాకుండా పోయి, ఏళ్ల తరబడి చవగ్గా పడి ఉన్నాయి. 2008 నుంచి లోపల అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాలు రావడం, 2013లో సోనీ పాత ఫిల్ము సైజు సెన్సార్ ఉండే ఫుల్‌ఫ్రేమ్‌లో ఏ7 తేవడంతో కథ మారింది. వాటిలో చాలావాటికి ఈ దూరం 20 మిల్లీమీటర్లు, లేదా అంతకంటే తక్కువ. మధ్యలో ఖాళీ గొట్టం లాంటి అడాప్టర్ పెడితే పాత లెన్స్ దాదాపు ఏదైనా ఎక్కుతుంది. పాత లెన్సులకు ధర పెరగడం వెనక ఉన్న పెద్ద కారణం ఇదే. మడత కెమెరాలకు, చిన్న కాంపాక్ట్‌లకు శాశ్వతంగా బిగించి ఉన్న లెన్సులకు ఈ లాభం లేదు. వాటిని ఊడదీయకుండా కెమెరాతో కలిపే లెక్కగట్టాలి.

టార్చ్ వేసి లోపలికి చూడండి

ధర నిలబడేదీ పడిపోయేదీ ఈ దశలోనే, కాబట్టి తీరుబడిగా చూడండి. చీకటి గదిలో ఎపర్చర్‌ను పూర్తిగా తెరిచి, వెనక నుంచి టార్చ్‌ను కాస్త ఏటవాలుగా వేసి, ముందు నుంచి చూడండి. తర్వాత తిరగేసి అదే పని చేయండి. టార్చ్ వెలుగులో ఎంత మంచి లెన్సైనా భయంకరంగానే కనిపిస్తుంది. పది, ఇరవై దుమ్ము రేణువులు కనిపిస్తే టెన్షన్ పడకండి, ఫోటోలో అవి కనపడవు. పాత గాజులో ఒకటి రెండు సన్నటి గాలి బుడగలుంటాయి, అవీ లోపం కాదు.

వెతకాల్సింది ఫంగస్. సాలెగూడు దారాల్లా, చెట్టు వేర్లలా అంచుల నుంచి లోపలికి పాకి ఉంటుంది. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి తీరపు ఊళ్లలో తోలు సంచిలోనే ఏళ్ల తరబడి మగ్గిన లెన్స్ అయితే ఫంగస్ లేకపోతేనే ఆశ్చర్యపోవాలి. తోలు తేమను పట్టి ఉంచుతుంది. కొత్తగా పట్టిన ఫంగస్‌ను మెకానిక్ విప్పి శుభ్రం చేస్తే పోతుంది. ముదిరినది కోటింగ్‌ను తినేసి గాజు మీద మచ్చ మిగులుస్తుంది. అది ఎవరి వల్లా పోదు. ఇంటికి తెచ్చినది ఎలా ఉన్నా, ఆ తోలు సంచిలోంచి తీసి, సిలికా జెల్ వేసిన గాలి చొరబడని డబ్బాలో పెట్టండి.

పొగమంచు కమ్మినట్టు గాజంతా మసకగా ఉంటే అది హేజ్. లోపలి గ్రీజు ఆవిరై పేరుకున్నదైతే శుభ్రం చేయొచ్చు. ఫోటోలో కాంట్రాస్ట్ పడిపోయేది దీనివల్లే, కాబట్టి చిన్న గీతకన్నా ఇదే ఎక్కువ నష్టం. అంచు దగ్గర ఇంద్రధనుస్సు రంగుల మరకలా, లేదా తెల్లటి అర్ధచంద్రంలా కనిపిస్తే రెండు గాజులను అతికించిన జిగురు విడిపోతోందన్నమాట. దాన్ని బాగుచేయించే ఖర్చు మామూలు లెన్స్ ధర కన్నా ఎక్కువే అవుతుంది. గీతల్లో ముందు గాజు మీదివి అంతగా పట్టించుకోనక్కర్లేదు, వెనక గాజు మీద పడినవి మాత్రం ఫోటోలో తెలిసిపోతాయి.

రింగులు తిప్పండి

ఫోకస్ రింగు ఈ చివర నుంచి ఆ చివరికి ఒకే బరువుతో తిరగాలి. గట్టిగా ఉంటే గ్రీజు ఎండింది, అది బాగవుతుంది. గరగరమంటే ఇసుక చేరింది. ఎక్కడో తగిలి ఆగిపోతే కింద పడ్డ లెన్సేమో చూడండి, ఫిల్టర్ అంచు సొట్టపోయి ఉంటుంది. మరల తలలు అరిగిపోయి ఉంటే ఎవరో ముందే విప్పారని అర్థం.

బ్లేడ్ల మీద నూనె తడి మెరుస్తుంటే అవి నెమ్మదిగా కదులుతాయి. ప్రీసెట్ లెన్స్‌లో నూనె ఉన్నా పెద్ద ఇబ్బంది లేదు, వేగంగా మూసుకోవాల్సిన ఆటో లెన్స్‌లో అది లోపమే. పరీక్షించే ముందు ఆ లెన్స్ పద్ధతి తెలుసుకోండి. టకుమార్‌కు పక్కనున్న మీటను మాన్యువల్‌కు జరపాలి, నికాన్‌కు వెనకున్న చిన్న లీవర్ కదపాలి. కెనాన్ ఎఫ్‌డీ లెన్స్ విడిగా చేతిలో ఉన్నప్పుడు బ్లేడ్లు కదలకపోవడం మామూలే, అడాప్టర్‌కు బిగించి చూడండి. చివరి పరీక్షగా, ఎవరి దగ్గరైనా మిర్రర్‌లెస్ కెమెరా ఉంటే అడాప్టర్‌తో వేసి, ఎపర్చర్ పూర్తిగా తెరిచి ఒక ఫోటో, ఎఫ్8 దగ్గర ఒకటి తీయండి. అమ్మేటప్పుడు కూడా అవి పనికొస్తాయి.

ఇప్పుడు ధర

అడుగుతున్న ధరలు చూడొద్దని మొదటే చెప్పాను. ఈబే‌లో అమ్ముడుపోయినవి మాత్రమే చూపించే ఫిల్టర్ ఉంది, అది పెట్టండి. రింగు మీది పేరును అక్షరం పొల్లుపోకుండా కొట్టండి. వచ్చినవాటిలో మీ వెర్షన్, మీ మౌంట్ కానివి తీసేయండి. అందరికంటే ఎక్కువకు పోయినది, అందరికంటే తక్కువకు పోయినది కూడా వదిలేసి మిగిలినవాటి మధ్య రేటు పట్టుకోండి. ఫంగస్ ఉన్నవాటిని విడిగా చూడండి. జపాన్ అమ్మకందారులు ‘ఎక్సలెంట్’ పక్కన ఐదు ప్లస్‌లు పెట్టి, కింద సన్నటి అక్షరాల్లో హేజ్ ఉందని రాస్తారు. ప్లస్‌లు వదిలేసి సన్నటి అక్షరాలే చదవండి.

లెక్క కోసం అనుకుందాం: శుభ్రమైన లెన్సులు ₹7,000 దగ్గర పోతున్నాయి. మీదానికి కొత్త ఫంగస్ ఉంది, శుభ్రం చేయడానికి మెకానిక్ ₹2,000 అడిగాడు. అప్పుడు మీ లెన్స్ విలువ ₹5,000 కాదు, ఇంకా తక్కువ. విప్పాక మచ్చ మిగిలితే ఆ రిస్కు కొన్నవాడిది, దానికీ అతను కొంత కోసుకుంటాడు. అందుకే చవక లెన్స్‌ను బాగుచేయించి అమ్మడం చాలాసార్లు నష్టం బేరం. ఉన్నది ఉన్నట్టు చెప్పి అమ్మేయడం మేలు.

మన దగ్గర ఇంకో లెక్క ఉంది. బయటి దేశం నుంచి తెప్పించుకుంటే షిప్పింగ్, కస్టమ్స్ సుంకం కలిసి ధర బాగా పెరుగుతుంది. కాబట్టి ఇక్కడే ఉన్న శుభ్రమైన లెన్స్‌కు విదేశీ ధర కంటే కొంచెం ఎక్కువే అడగొచ్చు. కాకపోతే కొనేవాళ్లు తక్కువ, వారాలు ఆగాల్సి రావొచ్చు. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ ఆదివారం సంత, జుమేరాత్ బజార్ లాంటి చోట్ల కొనడానికి తిరగొచ్చు గానీ అమ్మడానికి కాదు. అక్కడ బరువు చూసి రేటు చెబుతారు.

ఏవి పలుకుతాయంటే, ఎఫ్1.2, ఎఫ్1.4 లాంటి పెద్ద ఎపర్చర్లు, 20, 24 లాంటి వెడల్పాటివి, 85 మిల్లీమీటర్ల పోర్ట్రెయిట్ లెన్సులు, మెయర్ ట్రియోప్లాన్ 100లాగా సబ్బు బుడగల నేపథ్యం ఇచ్చేవి. 50 ఎఫ్1.8, 28 ఎఫ్2.8, 135 ఎఫ్3.5 ఎవరి చేతికైనా దొరుకుతాయి. వాటిని అమ్మి బాగుపడేది లేదు, అడాప్టర్ కొనుక్కుని మీరే వాడుకోండి.

అమ్మదలిస్తే, ముందు రింగు, మౌంట్, బ్లేడ్లు మూసినప్పుడు, టార్చ్ వేసినప్పుడు గాజు, ఇవన్నీ ఫోటోలు తీసి పెట్టండి. ఫంగస్ ఉంటే అదే మొదటి ఫోటో అవ్వాలి, వాపసు గొడవలు తప్పుతాయి. అసలు మూతలు, హుడ్, పెట్టె, గ్యారంటీ కార్డు, జపాన్ లెన్స్ మీది బంగారు రంగు ‘పాస్డ్’ స్టిక్కర్ ఉంటే పీకకుండా అలాగే ఉంచండి. పార్సిల్ చేసేటప్పుడు ఫోకస్‌ను ఇన్ఫినిటీకి తిప్పితే చాలా లెన్సులు పొట్టిగా ముడుచుకుంటాయి. రెండు వైపులా మూతలు పెట్టి, బబుల్ రేపర్ చుట్టి, పెట్టెలో ఇంకో పెట్టె పెట్టి పంపండి. సీరియల్ నంబర్ కనపడేలా ప్యాకింగ్‌ను వీడియో తీసుకోండి.